వరి మునకకు బీమా: మార్గదర్శకం సరిపోతుందా, చట్టం కావాలా?

ప్రశ్న (బూర్జ, శ్రీకాకుళం జిల్లా):
నాగావళి పొంగితే ఏటి పక్క పల్లం మడులు నాలుగైదు రోజులు నీళ్లలోనే ఉంటాయి. కేంద్రం పంటల బీమా పథకం ఫసల్ బీమా కట్టినా వరి మునకకు రాదని ఇన్నాళ్లూ చెప్పారు. 2026 ఖరీఫ్ నుంచి వస్తుందంటున్నారు, నిజమేనా? పథకం పొడిగించాలంటే పార్లమెంటులో బిల్లు పెట్టాలా?

జవాబు 1:
నిజమే అన్నా. 2018లో మార్గదర్శకాలు మార్చినప్పుడు వరి, గోగు, జనపనార, చెరకు నీటిని ఓర్చే పంటలంటూ స్థానిక విపత్తుల కింద మునకను తీసేశారు. వరి మునకను మళ్లీ చేరుస్తున్నట్టు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది.

తీసేశాక మిగిలింది దిగుబడి బీమా. వరికి గ్రామమే యూనిట్. పంచాయతీలో కనీసం నాలుగు చోట్ల పంట కోసి తూస్తారు. ఏటి పక్క మడులు కుళ్లిపోయినా, మెరక పొలాలు పండి గ్రామ సగటు నిర్ణీత దిగుబడిని దాటితే ఎవరికీ పైసా రాదు. స్థానిక విపత్తు అయితే ఎవరి మడి నష్టం వాళ్లకే లెక్కగడతారు. తేడా అంతా ఇక్కడే.

జవాబు 2:
బిల్లు అక్కర్లేదు. ఇది చట్టం కాదు, పథకం. 2025 జనవరి 1న కేంద్ర క్యాబినెట్టే 2025-26 వరకు పొడిగించింది. అమెరికా వరద బీమా 1968 నాటి చట్టం మీద నడుస్తుంది, గడువు తీరితే వాళ్ల కాంగ్రెసే పొడిగించాలి. ఆలస్యమైతే కొత్త పాలసీలు ఆగిపోతాయి. చట్టం ఉన్నా ఆ చిక్కు తప్పదు. అయినా మనకు చట్టమే కావాలంటాను. ఏడేళ్లకు పైగా మునక రక్షణ పోయింది మార్గదర్శకాల్లో ఒక్క మార్పుతోనే, చట్టసభలో చర్చ లేకుండా.

జవాబు 3:
మునిగాక 72 గంటల్లో క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో లొకేషన్ పడే ఫొటోలతో తెలియజేయాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వ్యవసాయ సహాయకుడు వచ్చి నష్టం రాసుకుంటే బీమా కూడా అయిపోయిందనుకుంటారు. అది ప్రభుత్వం ఇచ్చే పంట నష్ట సాయానికి (ఇన్‌పుట్ సబ్సిడీ), 33 శాతం దాటిన నష్టానికి. బీమాకు విడిగా చెప్పాలి. యాప్ తెరుచుకోకపోతే 14447కి ఫోన్ చేయండి. నీళ్లు ఉండగానే గట్టు, పైరు రెండూ కనబడేలా ఒక ఫొటో, నీళ్లు తీశాక ఒండ్రు పట్టిన దుబ్బులది ఇంకొకటి తీసుకోండి.

కోసి పనల మీద ఆరబెట్టిన వరికి తుపాను, అకాల వర్షం నష్టం కోత నుంచి 14 రోజుల వరకే. ఆ తర్వాత తడిస్తే రాదు.

ప్రశ్న వేసినవారు:
కౌలుకు చేసేవాళ్లకు?

జవాబు 3:
వస్తుంది. సాగుదారు హక్కు కార్డు తీసుకుని, ప్రభుత్వ పంట నమోదు ఈ-పంటలో కౌలుదారు పేరునే నమోదు చేయించాలి. ఖరీఫ్ వరికి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతానికి మించదు. ఎకరాకు 40,000 అనుకుంటే 800. కట్టగానే రసీదులో సర్వే నంబరు, పంట పేరు ఈ-పంటతో సరిచూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా క్లెయిము అక్కడే ఆగిపోతుంది.