రెవెల్‌స్టోక్ కొండల్లో ఒక బ్రిటిష్ కుటుంబం: వారి వెంట మా పాపను పంపవచ్చునా?

కొలంబియా ఒడ్డు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో పది రోజులుగా తెగని వాదన ఒకటి నడుస్తోంది. మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని రాస్తున్నాను.

మేము నాలుగేళ్లుగా కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని రెవెల్‌స్టోక్‌లో ఉంటున్నాము. మా పక్కింటి వారు ఉత్తర ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన వడ్రంగి, ఆమె ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. పిల్లలకు పదేళ్లు, ఏడేళ్లు. వేసవి ముగిసేలోపే చలికాలానికి సరిపడా కట్టెలు చీల్చి గోడ పొడవునా పేర్చుకుంటారు. ఆగస్టులో అడవులు తగలబడి ఊరంతా పొగ కమ్మిన రోజుల్లో పిల్లలను బయటికి రానివ్వరు. మిగిలిన రోజుల్లో నదిలో పడవ, కొండ మీద నడక, ఎలుగుబంట్లు ఎదురైతే చల్లడానికి నడుముకు బేర్ స్ప్రే. చలికాలంలో శనివారం వచ్చిందంటే స్కీలో, మంచులో కాలు దిగబడకుండా వేసుకునే స్నోషూలో కట్టుకుని బయలుదేరతారు. మా నాయనమ్మ పొద్దున్నే పంచాంగం చూసినట్లు, ఆ పిల్లలు పలహారానికి ముందే, మంచుచరియల ముప్పును ముందుగా చెప్పే అవలాంచ్ కెనడా వారి ప్రమాద సూచిక చదువుతారు. మంచు కింద కూరుకుపోయినవారిని వెతకడానికి ఒంటికి కట్టుకునే సంకేత పరికరం బీకన్. పెరట్లోని మంచులో తండ్రి బీకన్‌ను పాతిపెడితే, పెద్దపిల్ల తన బీకన్ కూత ఆధారంగా దాన్ని వెతికి, పారతో తవ్వి తీయడం మా వంటింటి కిటికీలోంచి చాలాసార్లు చూశాను.

వచ్చే శనివారం వారు వెళ్తున్న నడకకు మా తొమ్మిదేళ్ల పాపను పిలిచారు. నాకు పంపాలని ఉంది. మావారు వద్దంటున్నారు. కొండల్లో ఇలా పిల్లలను పెంచడం బాధ్యతా, నిర్లక్ష్యమా? తెలిసినవారు చెప్పగలరు.

నల్లమల వాసి

అమ్మా, నేను పదహారేళ్లుగా కాల్గరీలో ఉంటున్నాను. మీవారి మాట వినండి. మీ ఊరికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో కొండల మధ్య కనుమ అయిన రోజర్స్ పాస్‌లో 2003 ఫిబ్రవరి 1న ఏమి జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడి ఒక పాఠశాల నుంచి పద్నాలుగు మంది విద్యార్థులు, ముగ్గురు పెద్దలు కొనాట్ వాగు లోయలోకి స్కీలపై వెళ్లారు. పైనుంచి మంచుచరియ విరిగి పదిహేడు మందినీ కప్పేసింది. ఏడుగురు పిల్లలు తిరిగి రాలేదు. వారి దగ్గరా బీకన్లు ఉన్నాయి, వారి వెంటా అనుభవజ్ఞులున్నారు. బీకన్ మంచును ఆపదు, మనిషి ఎక్కడ కూరుకుపోయాడో చూపుతుంది, అంతే. కూరుకుపోయిన వారిని పావుగంటలోపు తీయకపోతే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. ఈ సంగతి అక్కడి పెద్దలందరికీ తెలుసు. తెలిసీ ఏడేళ్ల పిల్లవాడిని తీసుకువెళ్లడాన్ని నేను బాధ్యత అనలేను.

హిమరేఖ

నేను కామ్‌లూప్స్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. నల్లమల వాసి గారు చెప్పిన ఘటన నిజం. అయితే దాని తరువాత జరిగినది కూడా చెప్పాలి కదా. ఆ పిల్లల మరణం తరువాతే జాతీయ పార్కులను చూసే పార్క్స్ కెనడా కొండదారులను సరళం, సవాలుతో కూడినవి, సంక్లిష్టం అని మూడు తరగతులుగా విభజించింది. తల్లిదండ్రులు వెంట లేని పిల్లల బృందాలను చలికాలంలో సంక్లిష్ట ప్రదేశాల్లోకి అసలు అనుమతించరు, సవాలుతో కూడిన ప్రదేశాలకైతే ధ్రువీకరణ పొందిన గైడ్ ఉండి తీరాలి. ఆ ఘటన చూపి కొండకే వెళ్లవద్దంటే, దాని నుంచి నేర్చుకున్నదంతా వదిలేసినట్లే. పక్కింటి వారు ఏ దారికి వెళ్తున్నారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

నల్లమల వాసి

మీరే ఒప్పుకున్నారు. తల్లిదండ్రులు వెంట లేని పిల్లలకు గైడ్ ఉండాలి. ఈ పాప తల్లిదండ్రులు వెంట వెళ్లడం లేదు. పక్కింటాయనకు గైడ్ ధ్రువీకరణ ఉందా?

హిమరేఖ

ఆ నియమం పాఠశాలలు, స్కౌట్లు వంటి సంస్థల బృందాలకు. పొరుగింటి పిల్లను వెంట తీసుకువెళ్లే కుటుంబం సంస్థ కాదు.

నల్లమల వాసి

మంచుచరియకు సంస్థ, కుటుంబం అన్న తేడా తెలియదు. సొంత తల్లిదండ్రులు పక్కన లేని పిల్లల విషయంలో జాగ్రత్త ఎక్కువ ఉండాలన్నదే ఆ నియమం వెనుక ఉద్దేశం. ఆ ఉద్దేశం ఈ పాపకు ఎందుకు వర్తించదో చెప్పండి.

హిమరేఖ

సరళ ప్రదేశాలకు ఆ నియమంలోనే గైడ్ అవసరం లేదు. పైన వాలు లేని అడవి దారిలో నడిస్తే మీ వాదన నిలవదు.

పాఠకుడు

ఆ దారి ఏదో ఇంతవరకు ఎవరూ అడగలేదు. కొలంబియా ఒడ్డు గారూ, ఎక్కడికి వెళ్తున్నారు?

పాత పుటలు

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఫిలిస్ మండే అనే ఆమె సిలోన్‌లో 1894లో ఆంగ్ల దంపతులకు పుట్టి, చిన్నతనంలోనే కెనడాకు వచ్చింది. భర్త డాన్ మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి తిరిగివచ్చిన సైనికుడు. 1921లో కూతురు పుట్టిన పదకొండు వారాలకే ఆ పసిబిడ్డతో వారు వాంకూవర్ దగ్గరి క్రౌన్ పర్వతం ఎక్కారు. తరువాత కొన్నేళ్లు గ్రౌస్ పర్వతం మీదే కాపురమున్నారు. 1924లో ఫిలిస్ 3,954 మీటర్ల రాబ్సన్ శిఖరాన్ని అందుకుంది. ఆ శిఖరం చేరిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. తరువాతి సంవత్సరం వాంకూవర్ ద్వీపంలోని ఒక కొండ మీది నుంచి దూరాన కనిపించిన ఒక ఎత్తైన శిఖరం కోసం భార్యాభర్తలిద్దరూ ఏళ్ల తరబడి తిరిగారు. అదే 4,019 మీటర్ల వాడింగ్టన్. వారి పేరిట ఒక పర్వతమే ఉంది. వారిని నిర్లక్ష్యపు తల్లిదండ్రులని ఎవరూ అనలేదు.

నల్లమల వాసి

అనలేదని మీకెలా తెలుసు? ఇరుగుపొరుగు అన్న మాటలు చరిత్రలోకి ఎక్కవు. పైగా ఆ పసిబిడ్డ క్షేమంగా తిరిగి వచ్చింది కనుకనే ఆ కథను ఈనాడు మనం గౌరవంగా చెప్పుకుంటున్నాము. 1910 మార్చి 4న ఇదే రోజర్స్ పాస్‌లో రైలు పట్టాల మీద పడిన మంచును తొలగిస్తుండగా, ఎదుటి వాలు నుంచి మరో మంచుచరియ వచ్చి యాభై ఎనిమిది మంది పనివాళ్లను బలిగొంది. వారిలో ముప్పై రెండు మంది జపాన్ నుంచి కూలికి వచ్చినవారు. వారి పేరిట ఎన్ని పర్వతాలున్నాయో చెప్పండి. కొండ మీదికి కొందరు సరదాకు వెళ్తారు, కొందరు కూలికి వెళ్తారు. చరిత్ర మొదటివారినే గుర్తుంచుకుంటుంది.

తుంగభద్ర

ఇంతకూ ఆ నేల ఎవరిది? సినిక్స్త్ అనే ఆదివాసీ ప్రజలు తరతరాలుగా కొలంబియా నది వెంట బతికారు. 1956లో కెనడా ప్రభుత్వం వారిని అంతరించినవారిగా ప్రకటించింది. అమెరికా వైపు ఉన్న వారి వారసులకు ఇక్కడ వేటాడే హక్కు ఉందని కెనడా సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పింది. మారుమూల కొండలని మనం అంటున్నవి వారికి ఇంటి ముంగిళ్లు.

కొలంబియా ఒడ్డు

పాఠకుడు గారి ప్రశ్నకు సమాధానం: మౌంట్ రెవెల్‌స్టోక్ పార్కు దిగువన, దేవదారు అడవిలో స్నోషూలతో రెండు గంటల నడక. ఎత్తుకు వెళ్లరు. ఇంకొక మాట కూడా చెప్పాలి. వారు ఎన్నిసార్లు బయలుదేరారన్నది ఊరంతా చూస్తుంది. ఎన్నిసార్లు ఆగిపోయారన్నది పక్కింటి దానిగా నేను చూశాను. పోయిన చలికాలంలో మూడుసార్లు సామాను బండిలో సర్ది, సూచిక చూసి మళ్లీ దించారు. చిన్నవాడు ఏడ్చాడు. అయినా వెళ్లలేదు.

నల్లమల వాసి

రెండు గంటల నడకతో ఇది ఆగదు. ఈ ఏడు దేవదారు అడవి, వచ్చే ఏడు కొంచెం పైకి, పదమూడేళ్లు వచ్చేసరికి రోజర్స్ పాస్. అలవాటు ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. మీ ఊళ్లో పెద్ద ప్రమాదం జరిగితే దిక్కు కెలోనా, కామ్‌లూప్స్. రెండూ రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. తూర్పు రోడ్డు చూద్దామంటే, పాస్ దగ్గర సైన్యం ఫిరంగులు పేల్చి మంచు దించే సమయంలో గంటల తరబడి మూసేస్తారు. నా కూతురికి చెయ్యి విరిగినప్పుడు ఇంత పెద్ద నగరంలోనే ఒక ఆసుపత్రిలో తొమ్మిది గంటలు కూర్చోబెట్టారు.

హిమరేఖ

మీ పాప పడిన బాధకు విచారిస్తున్నాను. కానీ ఆ తొమ్మిది గంటలకూ ఈ కొండకూ సంబంధం లేదు. మీరు ప్రతి జవాబులో కొత్త కారణం తెస్తున్నారు. మొదట మంచుచరియ, తరువాత గైడ్, తరువాత ఆసుపత్రి. ఒకదానికి సమాధానం దొరికితే మరొకదానికి మారుతున్నారు. కొండలో జారిపడి మా ఆసుపత్రికి వచ్చినవారిని చూశాను. వారికంటే ఎక్కువగా, ఇల్లు కదలకుండా నలభై ఏళ్లకే చక్కెరవ్యాధి, గుండెజబ్బు తెచ్చుకుని వచ్చే మనవారిని చూశాను. మీ భయం మంచును గురించి కాదు. అది దేన్ని గురించో మీరే చెప్పాలి.

నల్లమల వాసి

సరే, చెబుతాను. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మేము ఈ దేశానికి వచ్చిన తొలి డిసెంబరులో పిల్లలిద్దరితో కొండదారిన బ్రిటిష్ కొలంబియా వైపు బయలుదేరాము. మా కాల్గరీ ఉన్న అల్బర్టాలో వింటర్ టైర్లు తప్పనిసరి కాదు, సరిహద్దు దాటాక కొండ రహదారుల్లో అక్టోబరు నుంచి తప్పనిసరి. ఆ తేడా నాకు తెలియదు. అరిగిన టైర్లతోనే వెళ్లాను. ఒక వంపులో బండి జారి గుంటలో పడింది. సాయానికి వచ్చిన వ్యక్తి బండిని లాగి, నా పిల్లలు వింటుండగా, మీలాంటివారు ఈ కొండల్లోకి అసలు ఎందుకు వస్తారని అడిగాడు. నేను డబ్బిచ్చి, ధన్యవాదాలు చెప్పాను. అదే గంటలో అదే వంపులో ఒక బ్రిటిష్ జంట కారు కూడా జారింది. వారి దగ్గరికి అతడు నవ్వుతూ వెళ్లి, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. నా పెద్దవాడు అప్పటికి ఎనిమిదేళ్లవాడు, బండి కిటికీలోంచి రెండూ చూశాడు.

ఆనాటి నుంచి నాకు అర్థమైనది ఇది. ఆ కుటుంబానికి ఏదైనా జరిగితే ఊరు దాన్ని సాహసమంటుంది, కన్నీళ్లు పెడుతుంది. అదే రోజు వారి వెంట ఉన్న మన పాపకు ఏదైనా జరిగితే, ఏమీ తెలియని తల్లిదండ్రులు పంపారంటారు. వారికి వెనుక ఇంగ్లండు ఉంది, అక్కడ ఇల్లుంది, ఈ జీవితం సరిపడకపోతే తిరిగి వెళ్తారు. మన వెనుక అప్పులు, ఎదురుచూసే ముసలివాళ్లు ఉన్నారు. ప్రమాదం ఇద్దరికీ ఒకటే, దాని ధర ఒకటి కాదు.

పాఠకుడు

ఈ మాట మొదటి రోజే రాసి ఉంటే బాగుండేది, అన్నగారూ.

హిమరేఖ

నల్లమల వాసి గారూ, నేను కటువుగా మాట్లాడాను, మన్నించండి. ఆ రోజు మీకు జరిగింది అన్యాయం.

అయినా మీరు చేరుకున్న ముగింపుతో ఏకీభవించలేను. నేను గోదావరి గట్టున పుట్టాను, నాకు ఈత రాదు. తమ్ముణ్ణి కాలువకు తీసుకువెళ్లేవారు, నన్ను గట్టు మీద బట్టల దగ్గర కూర్చోబెట్టేవారు. నాకు నీటిలో ఏమీ కాకూడదనే అలా చేశారు. ఈనాటికీ నడుము లోతు నీటిలో నా కాళ్లు వణుకుతాయి. మన విద్యార్థులు ఇక్కడికి వచ్చి సరస్సుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయారన్న వార్తలు ఏటా చదువుతున్నాము. ఇంటి నుంచి జాగ్రత్తగా పెరిగి వచ్చిన బిడ్డలే వారు. చల్లటి నీరు ఎలా ఉంటుందో వారికి ఎవరూ నేర్పలేదు. మిమ్మల్ని ఆ వంపులో గుంటలోకి దింపింది కూడా, మీకు ఎవరూ చెప్పని ఒక సంగతే కదా. ఆ సంగతి చెప్పేవారు పక్కింట్లోనే ఉండి, పాపను పిలిచి మరీ నేర్పుతామంటున్నప్పుడు కాదనడం నాకు న్యాయంగా తోచదు.

కొలంబియా ఒడ్డు

మీ ఇద్దరి మాటలూ మావారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, నల్లమల వాసి గారు రాసిందే తన మనసులో ఉన్నదనీ, నాకు ఎలా చెప్పాలో తెలియక మంచు సాకు చెప్పాననీ అన్నారు.

నిన్న పక్కింటామెను నేరుగా అడిగాను, మీకు భయం లేదా అని. రోజూ ఉందని చెప్పింది. వచ్చిన తొలి చలికాలంలో, ఇంగ్లండు కొండలు ఎక్కిన ధైర్యంతో ఒక వాలు కిందికి వెళ్లబోతే, ఊరివాడొకరు ఆపి, ముందు నేర్చుకుని రమ్మని వెనక్కి పంపాడట. ఆ మరుసటి వారమే భార్యాభర్తలిద్దరూ రెండు రోజుల మంచుచరియల శిక్షణలో చేరారు. ఇంకొకటి, ఇంగ్లండులో వారికి ఇల్లు లేదు. అమ్మి వచ్చారు. అయితే తమను ఆపినవాడు మర్యాదగానే మాట్లాడాడని ఆమె స్వయంగా అంది. నల్లమల వాసి గారి అనుభవంతో పోల్చి చూస్తే ఆ తేడా నాకు కనిపించకపోలేదు.

శనివారం మావారు కూడా పాపతో వెళ్తున్నారు. స్నోషూలు పక్కింటి వారే ఇస్తున్నారు. వచ్చే నెల శిక్షణకు ఆయన పేరు నమోదు చేయించాను.

నల్లమల వాసి

నా అభిప్రాయం మారలేదమ్మా. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ కొండలతో పని లేదనే ఇప్పటికీ అంటాను. తండ్రి పక్కన ఉంటున్నారు కనుక ఇక అడ్డుచెప్పను. బయలుదేరే ముందు రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోమనండి. మీ బండి టైర్లు ఎన్నేళ్లవో కూడా చూడమనండి. తిరిగి వచ్చాక ఇక్కడ ఒక్క మాట రాయండి. శనివారం రాత్రి నేను మేలుకునే ఉంటాను.