నహపానుడి తల మీద గౌతమీపుత్రుడి కొండ: ఏ ముద్ర ముందు?

ప్రశ్న:
వెండి నాణెం, బరువు 2.1 గ్రాములు. ఒకవైపు మూడు కమానుల కొండ, దాని కింద మెలికల గీత. కొండ పక్కనుంచి ఎవరిదో ముక్కూ పెదవులూ కనిపిస్తున్నాయి, అంచున గ్రీకు అక్షరాల్లాంటివి నాలుగైదు ఉన్నాయి. అచ్చు జారిందా, కావాలనే రెండోసారి కొట్టారా? చింతపండుతో తోమితే తేటపడుతుందా?

జవాబు 1:
చింతపండు జోలికి వెళ్లకండి. పాత వెండిలో కలిసిన రాగిని పులుపు తినేస్తుంది. కింది ముద్ర మిగిలేది వెంట్రుకవాసి ఎత్తులోనే, ముందు పోయేది అదే. గది చీకటి చేసి, టార్చిని బల్ల మీద పడుకోబెట్టి, నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పదిరెట్ల భూతద్దంతో చూడండి. తెగకుండా సాగే గీత పైముద్రది. దాన్ని తాకగానే ఆగిపోయి అవతల మళ్లీ మొదలయ్యేది కిందిది. అచ్చు జారితే అదే బొమ్మ పక్కన ఇంకోసారి పడుతుంది. ఇక్కడ బొమ్మలే వేరు కదండీ.

జవాబు 2:
ఆ తల క్షహరాత వంశపు క్షత్రపుడు (శక పాలకుడు) నహపానుడిది, కొండ శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణిది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13,000కు పైగా నహపానుడి వెండి నాణేలు బయటపడ్డాయి. వాటిలో 9,000కు పైగా గౌతమీపుత్రుడు మళ్లీ ముద్ర కొట్టించినవే! కొండ చుట్టూ బ్రాహ్మీ లిపిలో ‘రఞో గోతమిపుతస సిరి సాతకణిస’ (రాజు గౌతమీపుత్ర శ్రీ శాతకర్ణిది) అని ఉండాలి, ఎన్ని అక్షరాలు మిగిలాయో చూడండి. రెండోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే కూడిక గుర్తు నాలుగు కొసలకూ గుండ్రాలు. దాని అడుగున నహపానుడి బాణం, వజ్రాయుధం ఆనవాళ్లు వెతకండి.
తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహ శాసనంలో కొడుకును క్షహరాత వంశాన్ని ఏమీ మిగలకుండా తుడిచిపెట్టినవాడని పొగిడింది. ఆ శాసనం చదవలేని సంత మనిషికి కూడా అదే కబురు ఈ కొండ చేరవేసిందని నా నమ్మకం. అందుకే పాత ముఖం కాస్త మిగిలిన నాణేలే నాకు ఎక్కువ విలువైనవి.

జవాబు 3:
పోత నకిలీ (ముద్ర కొట్టకుండా, కరిగిన లోహాన్ని మూసలో పోసి చేసినది) కాదని కూడా తేల్చుకోండి. అక్షరాల మధ్య గాలిబుడగల గుంటలు, అంచు చుట్టూ ఆకురాయితో అరగదీసిన గీత ఉంటే అనుమానించాలి. అంచు చీలి ఉంటే మాత్రం కంగారు పడొద్దు, రెండో దెబ్బకు అలా అవుతుంది. పీవీసీ కవరులో పెడితే ఆకుపచ్చ జిగురు పడుతుంది, మైలార్ (పాలియెస్టర్) కవరు తీసుకోండి. ఇక ఇది భూమిలో దొరికినదైతే 1878 నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి.