కొత్త మహమ్మారి టీకా: '95 శాతం' అని వార్త వస్తే ముందు ఏం చూడాలి?

సందేహి

మళ్లీ ఎప్పుడైనా మహమ్మారి వచ్చి కొత్త టీకా తయారైతే జనం అడిగే ప్రశ్నలకి జవాబుల పత్రం ఒకటి సిద్ధం చేస్తున్నాం. కోవిడ్ టీకాలప్పుడు గట్టిగా వినిపించిన అనుమానాలనే ఆధారంగా పెట్టుకున్నాం. "భయం లేదు, వేయించుకోండి" అని రెండు ముక్కలు రాసి పంపితే నమ్మేవాళ్లు ఎలాగూ నమ్ముతారు, నమ్మనివాళ్లు చింపి పారేస్తారు. అందుకని లెక్క, పద్ధతి తెలిసినవాళ్లు సాయం చేయాలి.

95 శాతం రక్షణ అంటే వేయించుకున్న వందమందిలో అయిదుగురికి జబ్బు వస్తుందనా? 95 శాతం అన్న ఆ ఫైజర్ ట్రయల్‌నే చూపించి "అసలు లాభం 0.84 శాతమే, దాచేశారు" అనేవాళ్లకి ఏం చెప్పాలి? పదేళ్ల పని ఏడాదిలో ఎలా అయింది, ఏ మెట్టు ఎగ్గొట్టారు? రెండేళ్లు ఆగి, మిగతావాళ్లకి ఏమవుతుందో చూసి వేయించుకుంటే తప్పేంటి? ఇక టీకా కేంద్రంలో నిజంగా తేడా కొట్టేది ఎక్కడ?

లెక్కలపలక

మొదటి రెండు ప్రశ్నలకి ఒకే లెక్క చాలు. ఫైజర్-బయోఎన్‌టెక్ మూడో దశ ట్రయల్ తీసుకోండి. అంతకుముందు కోవిడ్ సోకని వాళ్లలో టీకా పడినవాళ్లు 18,198 మంది, ఉత్తి సెలైన్ పడినవాళ్లు 18,325 మంది. జబ్బు తేలింది టీకా వైపు 8 మందికి, సెలైన్ వైపు 162 మందికి. రెండు గుంపులూ దాదాపు సమానమే కాబట్టి 8ని 162తో భాగించండి: 0.05 వస్తుంది. టీకా లేకుంటే జబ్బుపడేవాళ్లలో నూటికి 95 మంది తప్పించుకున్నారన్నమాట. వేయించుకున్న వందమందిలో అయిదుగురికి వస్తుందని కాదు. వచ్చింది 18,198 మందిలో 8 మందికే.

ఇక 0.84 సంగతి. సెలైన్ వైపు 0.88 శాతం మందికి, టీకా వైపు 0.04 శాతం మందికి జబ్బు వచ్చింది. తేడా 0.84. లెక్క తప్పు కాదు, ఎవరూ దాచలేదు కూడా, ప్రచురించిన పట్టికలోనే ఉంది. కానీ అది సుమారు రెండు నెలల కాలానికి, అప్పుడు ఆ ఊళ్లలో వైరస్ ఎంత తిరుగుతోందో దానికి కట్టిన లెక్క. అదే టీకాని ఉధృతి నాలుగు రెట్లున్నచోట పరీక్షిస్తే ఆ తేడా మూడు దాటుతుంది, 95 మాత్రం అక్కడక్కడే ఉంటుంది. అందుకే టీకాలని ఒకదానితో ఒకటి పోల్చడానికి మొదటి అంకె వాడతారు. ఈ వారం ఈ ఊళ్లో ఎంతమందికి వేస్తే ఎన్ని కేసులు తగ్గుతాయో తేల్చడానికి రెండోదే పనికొస్తుంది.

ప్రకటన చేతికి రాగానే నేనైతే శాతం జోలికి పోను, 'కేసు' అని దేన్ని లెక్కపెట్టారో చూస్తాను. ఇక్కడ లక్షణాలుండి, పరీక్షలో తేలినవాళ్లే కేసులు. లక్షణాల్లేకుండా సోకినవాళ్లు లెక్కలో లేరు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటడం ఆగుతుందా అన్నది ఈ ట్రయల్ కొలవనే లేదు. తర్వాత "టీకా వేసుకున్నా వచ్చిందే!" అని జనం మండిపడటానికి సగం కారణం ఇక్కడుంది. కొలవని దాన్ని కొలిచినట్టు కొందరు నాయకులు, టీవీల వాళ్లు చెప్పేశారు.

లెక్క ఎప్పటినుంచి మొదలైందో కూడా చూడాలి. ఫైజర్ రెండో డోసు పడ్డ 7 రోజుల తర్వాత నుంచి లెక్కపెట్టింది, మోడెర్నా 14 రోజుల తర్వాత నుంచి. తీవ్రమైన జబ్బు కేసులు ఫైజర్ ట్రయల్లో మొదటి డోసు దగ్గర్నుంచి చూసినా మొత్తం 10: సెలైన్ వైపు 9, టీకా వైపు 1. దిశ చెప్పడానికి చాలు గానీ, కచ్చితమైన శాతం కట్టడానికి చాలా చిన్న అంకెలు.

సగటుతో కూడా జాగ్రత్త. ఆక్స్‌ఫర్డ్-ఆస్ట్రాజెనెకా వాళ్లు 2020 నవంబర్‌లో 70 శాతం అన్నారు. లోపల చూస్తే రెండు నిండు డోసుల గుంపులో 62, మొదటిది సగం డోసు పడిన గుంపులో 90. ఆ సగం డోసు కావాలని వేసింది కాదు, మందు గాఢత కొలిచే పద్ధతుల్లో తేడా వల్ల జరిగింది. పైగా ఆ గుంపులో 55 ఏళ్లు దాటినవాళ్లు లేరు, డోసుల మధ్య ఎడమూ ఎక్కువే. ఇలాంటి రెండిటిని కలిపి తీసిన సగటు ఎవరికీ వర్తించదు.

మెట్లవరస

మూడో ప్రశ్నకి. 2020 జనవరి రెండో వారంలో వైరస్ జన్యుక్రమం బయటికొచ్చింది. మార్చి 16న మోడెర్నా మొదటి దశ మొదలు, జులై 27న మోడెర్నా, ఫైజర్ రెండిటి పెద్ద ట్రయల్సూ మొదలు, నవంబర్ 9న ఫైజర్ తొలి ఫలితం, డిసెంబర్ 2న బ్రిటన్ అనుమతి. మామూలుగా ఒక దశ ఫలితం వచ్చి, డబ్బు సమకూరి, అనుమతి కాగితం కదిలి, అప్పుడు రెండోది మొదలవుతుంది. ఏళ్లన్నీ పోయేది ఆ ఎదురుచూపుల్లోనే. ఇక్కడ దశల్ని ఒకదానిమీద ఒకటి నడిపారు, ఫలితం తెలియకముందే సరుకు తయారుచేసి పెట్టారు. ట్రయల్ ఫెయిలైతే ఆ సరుకంతా పారబోయాల్సిందే, ఆ నష్టాన్ని భరించడానికి ప్రభుత్వాలు ముందే డబ్బు పెట్టాయి.

జనానికి ఎవరూ చెప్పని కారణం ఇంకోటుంది. ఇలాంటి ట్రయల్ తేదీ చూసుకుని ముగియదు, కేసులు పోగయ్యాక ముగుస్తుంది. నవంబర్ 9 ప్రకటన నాటికి లెక్కకొచ్చినవి 94 కేసులు. ఉధృతి తక్కువుంటే ఆ 94 పోగవడానికే చాలా ఎక్కువ కాలం పట్టేది. మహమ్మారే ట్రయల్‌ని తోసింది.

పునాది కూడా అప్పటికప్పుడు వేసింది కాదు. 2002లో మొదలైన సార్స్, 2012లో బయటపడ్డ మెర్స్ వల్ల వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్ మీద గురిపెట్టాలని తెలుసు, దాని ఆకారం చెదరకుండా రెండు అమైనో ఆమ్లాలు మార్చాలనీ తెలుసు. ఎంఆర్‌ఎన్‌ఏని (ఒక ప్రొటీన్ ఎలా తయారుచేయాలో కణానికి చెప్పే అణువుని) శరీరం శత్రువనుకుని రెచ్చిపోకుండా మార్చే పద్ధతి మీద శాస్త్రవేత్తలు కరికో, వైస్‌మన్ల పరిశోధనా పత్రం 2005లోనే వచ్చింది, 2023లో నోబెల్ దానికే.

"అన్నిటికీ కళ్లు మూసుకుని ముద్ర కొట్టారు" అనేవాళ్లకి పడిపోయిన టీకాల పేర్లు చెప్పండి. మెర్క్ 2021 జనవరిలో తన రెండు టీకాలనీ వదిలేసింది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం టీకా పడ్డవాళ్లకి హెచ్‌ఐవీ పరీక్షలో తప్పుడు పాజిటివ్ రావడంతో 2020 డిసెంబర్‌లో ఆపేశారు. క్యూర్‌వ్యాక్ కూడా ఎంఆర్‌ఎన్‌ఏ టీకాయే, 2021లో 50 శాతం కూడా దాటలేదు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ కోవిడ్ టీకాలకి పెట్టిన గీత ఏమిటంటే, రక్షణ కనీసం 50 శాతం, అంచనా పరిధిలో (అసలు రక్షణ ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చన్న లెక్కలో) కింది అంచు 30 శాతం పైన ఉండాలి. అత్యవసర అనుమతికైతే పాల్గొన్నవాళ్లలో సగంమందినైనా చివరి డోసు తర్వాత రెండు నెలలు గమనించి ఉండాలి.

గమనిక

ఆ రెండు నెలల దగ్గరే సందేహి గారి నాలుగో ప్రశ్న ఉంది. టీకా దుష్ప్రభావాల్లో చాలావరకు మొదటి ఆరు వారాల్లోనే బయటపడతాయి. కాబట్టి సమస్య కాలంతో కంటే సంఖ్యతో ఎక్కువ. ట్రయల్లో టీకా పడినవాళ్ల సంఖ్యని 3తో భాగించి చూడండి. 20,000 మందిలో ఒక్కరికీ కనిపించనిది, బయట సుమారు 6,700 మందిలో ఒకరికి దాకా రావచ్చు. లక్షలో ఒకరికి వచ్చేదాన్ని ఆ ట్రయల్ పట్టుకోలేదు, పదేళ్లు నడిపినా పట్టుకోలేదు. 1976లో అమెరికా స్వైన్ ఫ్లూ టీకాతో గీయన్-బారే జబ్బు (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడేది) లక్షకి ఒకటి చొప్పున అదనంగా వచ్చిందని తేలింది, అదీ కోట్లమందికి వేశాకే. 1998లో వచ్చిన రోటాషీల్డ్ అనే పసిపిల్లల విరేచనాల (రోటావైరస్) టీకా వల్ల పేగు మడతపడే సమస్య పదివేలలో ఒకరికి వస్తోందని ఏడాదికే వెనక్కి తీసుకున్నారు. ఆ దెబ్బతో తర్వాతి రోటావైరస్ టీకాలని ఒక్కోదాన్ని అరవై వేలమందికి పైగా పిల్లల మీద పరీక్షించాల్సొచ్చింది.

అనుమతి తర్వాత వచ్చే ప్రతి ఫిర్యాదూ టీకా వల్లే అని కాదు. ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికి ఎలాగూ వచ్చే జబ్బు ఒకటుందనుకోండి. కోటిమందికి టీకా వేస్తే, వేసిన 14 రోజుల్లోపు దాదాపు 380 మందికి అది వచ్చే తీరుతుంది, సూదిలో ఉత్తి నీళ్లున్నా సరే. 380 ఉండాల్సినచోట 700 కనిపిస్తే అప్పుడు గంట మోగాలి.

రెండోమాట

గమనిక గారూ, లెక్క బాగుంది గానీ, ఇదే వాదాన్ని అడ్డుపెట్టుకుని నిజమైన ఫిర్యాదుల్ని తోసిపుచ్చడమూ జరుగుతుంది. ఆరు వారాల నియమానికి మినహాయింపు కూడా పత్రంలో ఉండాలి. డెంగ్యూ టీకా డెంగ్వాక్సియా చూడండి: అంతకుముందు డెంగ్యూ రాని పిల్లల్లో, టీకా పడ్డాక డెంగ్యూ సోకితే జబ్బు ముదిరే ముప్పు పెరిగింది. అది బయటపడటానికి ఏళ్లు పట్టింది. 2017 నవంబర్‌లో కంపెనీయే ఆ మాట చెప్పేసరికి ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది లక్షలమందికి పైగా పిల్లలకి వేసేశారు. తర్వాత అక్కడ మిగతా టీకాల మీద కూడా నమ్మకం పడిపోయింది. 2009 ఫ్లూ మహమ్మారిలో వాడిన పాండెమ్రిక్స్ టీకాతో నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) సంబంధం ఫిన్లాండ్, స్వీడన్‌లలో బయటపడింది 2010లో.

"దీర్ఘకాలంలో ఏమీ కాదు" అని మాత్రం రాయకండి.

గమనిక

ఒప్పుకుంటాను. వేచి చూడటం అనేది ఖర్చులేని పని కాదని కూడా దాని పక్కనే రాయాలి. ఆ రెండేళ్లూ వైరస్ ఎదురుగానే ఉంటుంది. డెబ్బై ఏళ్లవాళ్లకి ఆ ఖర్చు ఒకలా ఉంటుంది, ఇరవై ఏళ్లవాళ్లకి ఇంకోలా. ఆస్ట్రాజెనెకా టీకాతో ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టే సమస్య 2021 మార్చిలో తేలింది. ఏప్రిల్ 7న బ్రిటన్ 30 ఏళ్లలోపు వాళ్లకి వేరే టీకా ఇమ్మంది, అదే నెల 14న డెన్మార్క్ వాడకమే ఆపేసింది. పెద్ద వయసువాళ్లకి వేయడం బ్రిటన్‌లో కొనసాగింది. వయసుని బట్టి లాభనష్టాలు మారాయి కాబట్టే ఒకే టీకాకి రెండు జవాబులు. కుర్రాళ్లలో ఎంఆర్‌ఎన్‌ఏ రెండో డోసు తర్వాత గుండె కండరం వాపు కూడా అంతే, డోసుల మధ్య ఎడం ఎనిమిది వారాలకి పెంచితే తగ్గింది.

ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలో కూడా రాయండి. ఆస్ట్రాజెనెకా లాంటి టీకా పడ్డ నాలుగో రోజు నుంచి నెలలోపు వదలని తలనొప్పి, చూపు మసక, కాలు వాపు, కడుపునొప్పి, చర్మం మీద చిన్న చిన్న ఎర్రమచ్చలు కనిపిస్తే టీకా సంగతి చెప్పి ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించాలి. డాక్టరుకి ఆ సంగతి తెలియడం ముఖ్యం, ఎందుకంటే మామూలుగా గడ్డలకిచ్చే హెపారిన్ ఇక్కడ ఇవ్వరు. ఎంఆర్‌ఎన్‌ఏ అయితే మొదటి వారంలో ఛాతీనొప్పి, ఆయాసం, గుండెదడ.

చలిపెట్టె

చివరి ప్రశ్నకి జవాబు నేను చెబుతాను. జనం అనుమానాలన్నీ మందు మీదే ఉంటాయి, కానీ కేంద్రంలో పాడయ్యేది ఎక్కువగా వాడే పద్ధతి వల్ల.

ఫైజర్ తొలి రకం, ఊదారంగు మూతది, చూడండి, అప్పటి నియమాలివి. మైనస్ 80 నుంచి మైనస్ 60 డిగ్రీల మధ్య ఉండాలి. కరిగాక సీసాలో ఉండేది 0.45 మి.లీ. అందులో 0.9 శాతం సెలైన్ 1.8 మి.లీ. కలపాలి, కలిపాక అదే సిరంజిలోకి 1.8 మి.లీ. గాలి లాగాలి, లేకపోతే లోపలి ఒత్తిడికి మందు చిమ్ముతుంది. సీసాని పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఊపితే ఎంఆర్‌ఎన్‌ఏని మోసే కొవ్వు బుడగలు దెబ్బతింటాయి. ఒక్కో డోసు 0.3 మి.లీ., కలిపిన ఆరు గంటల్లో వాడాలి, కలిపిన టైము సీసా మీద రాయాలి. మొత్తం 2.25 మి.లీ. ఉంటుంది, సీసాలో, సూదుల్లో మిగిలిపోయేది పోగా ఆరు డోసులు రావాలి. సూది మొదట్లో మందు మిగిలిపోయే మామూలు సిరంజి వాడితే అయిదే వస్తాయి. రెండు సీసాల అడుగుబొట్లు కలిపి ఒక డోసు చేయకూడదు, ఎంత కొరత ఉన్నా సరే. సెలైన్ కలపడం మరిచిపోతే డోసు అయిదింతలవుతుంది. తర్వాత కలపక్కర్లేని బూడిదరంగు మూత రకం వచ్చింది. రెండూ ఒకే పెట్టెలో పెట్టారా, తికమక తప్పదు.

2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచే టీకాల్లో చాలావాటికి వేడి కంటే గడ్డకట్టడమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే కంటికి తెలియదు. అల్యూమినియం ఉప్పు కలిసిన టీకా గడ్డకడితే పనిచేయదు, కరిగాక మళ్లీ మామూలుగానే కనిపిస్తుంది. అనుమానమొస్తే కుదుపు పరీక్ష చేయండి: అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి కరిగించండి, రెండిటినీ కుదిపి పక్కపక్కన పెట్టండి. అనుమానం ఉన్నది కూడా దానంత త్వరగా అడుగుకి దిగితే పారేయాల్సిందే. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. ఐస్ ప్యాకులు ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా పెట్టెలో సర్దకండి. ఊపితే లోపల మంచు కదిలిన చప్పుడొచ్చేదాకా బయట ఉంచండి.

వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టాలి, ఇదివరకు ఏదైనా సూదిమందుకి వెంటనే ఎలర్జీ వచ్చినవాళ్లని 30 నిమిషాలు. కళ్లు తిరిగి పడినవాళ్లందరికీ ఎలర్జీ అనుకోకండి. భయంతో సొమ్మసిల్లితే నాడి మెల్లగా కొట్టుకుంటుంది, పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే తేరుకుంటారు. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, నాడి వేగం ఉంటే ఆలోచించకుండా అడ్రినలిన్ 1:1000 ద్రావణం, పెద్దవాళ్లకి 0.5 మి.లీ., తొడ బయటివైపు కండరంలో. ముందు ఎలర్జీ మాత్ర ఇచ్చి చూద్దామనుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది.

సందేహి

అందరికీ ధన్యవాదాలండి. ఒక్క అనుమానం: 0.84 అంకెని మనంతట మనమే పత్రంలో వేయాలా, అడిగినప్పుడు చెబితే చాలా?

లెక్కలపలక

వేయండి, 95 పక్కనే. 18,198లో 8, 18,325లో 162 అని అసలు సంఖ్యలూ, రెండు నెలల గడువూ, లక్షణాలున్న కేసులే లెక్కపెట్టారన్న మాటా అదే పెట్టెలో ఉండాలి. విడిగా కింద చిన్నక్షరాల్లో వేస్తే, దాచారని అనడానికి మీరే సందిచ్చినట్టు.