చేయి కొలత లెక్క మైనస్‌లో వస్తోంది, ఎవరైనా చూడండి

హౌస్ సర్జన్, కర్నూలు:
సాయంత్రం ఐదు నుంచి దీంతోనే కుస్తీ. ఆపరేషన్‌కు ముందు పేషెంట్ల పోషణ ఎలా ఉందో కొలిచి రాయమన్నారు. చేయి చుట్టుకొలతలో నుంచి చేయి వెనక చర్మపు మడత మందాన్ని 3.14తో గుణించి తీసేస్తే కండ చుట్టుకొలత వస్తుందని నోట్సులో ఉంది. ఒక పెద్దాయనకు చేయి 22, మడత 8 వచ్చాయి. లెక్కేస్తే మైనస్ 3.12! అందరికీ మైనస్సే. మడత కొలిచే కాలిపర్ పాడైందా? పొద్దున రౌండ్స్‌లో చూపించాలి, ఒకటే టెన్షన్.

డైటీషియన్, అనంతపురం:
కొలతలు తర్వాత తమ్ముడూ. ఆరు నెలల్లో ఎంత బరువు తగ్గారో ముందు అడిగావా? పది శాతం దాటితే ఆపరేషన్‌కు ముందే జాగ్రత్త పడాలి. మన పల్లెల్లో పాత బరువు ఎవరికీ గుర్తుండదు. మొలతాడు జారుతోందా, చొక్కా వదులైందా అని అడుగు, చెప్తారు. రెండు ముద్దల సంకటి తినే మనిషి అర ముద్దకు దిగాడంటే ఏ టేపూ అక్కర్లేదు. నేను ఇరవై సార్లు చెప్పుంటాను ఈ మాట, ఎవరూ అడగరు.

ల్యాబ్ టెక్నీషియన్, నంద్యాల:
ఇవన్నీ ఎందుకు, రక్తంలో ప్రోటీన్ చూసే అల్బుమిన్ టెస్ట్ చేయిస్తే తెలిసిపోతుంది కదా.

డైటీషియన్, అనంతపురం:
తెలియదండీ. ఒంట్లో వాపు ఉంటే బాగా తినేవాళ్లకూ అల్బుమిన్ పడిపోతుంది. పైగా ఒంట్లో ఉన్న అల్బుమిన్‌లో సగం తరగడానికే దాదాపు 20 రోజులు పడుతుంది. వారం తినిపించినా పెద్దగా కదలదు.

ల్యాబ్ టెక్నీషియన్, నంద్యాల:
వాపు అంటే ఏది మేడమ్? కాళ్లకు నీరు పట్టడమా, ఇన్‌ఫ్లమేషనా? అన్నిటికీ వాపు అనేస్తే ఎలా?

డైటీషియన్, అనంతపురం:
ఇన్‌ఫ్లమేషనే, అంటే ఇన్‌ఫెక్షన్‌కో గాయానికో ఒళ్లు స్పందించడం. పుస్తకాల్లో శోథ అంటారు, వార్డులో ఆ మాట ఎవరికి అర్థమవుతుంది?

సర్జరీ పీజీ, కడప:
మడత మిల్లీమీటర్లలో ఉంటుంది, చేయి సెంటీమీటర్లలో. 8 కాదు, 0.8.

హౌస్ సర్జన్, కర్నూలు:
19.5 వచ్చింది సార్! నాలుగు గంటలు పోయాయి దీనికి. మగవాళ్లకు ఉండాల్సింది పట్టికలో 25.3 అని ఉంది, అంటే 77 శాతం. అలాగే రాసేయనా? చేతులు కొంచెం ఉబ్బి ఉన్నాయి, సెలైన్ ఎక్కుతోంది.

స్టాఫ్ నర్స్, ఆదోని:
ఆ సంగతి ముందు చెప్పాలి కదా నాన్నా! నీరు పట్టిన చేయి లావుగానే కనిపిస్తుంది, లోపల కండ ఇంకా తక్కువ ఉండొచ్చు. బరువు కూడా అంతే, నీటి బరువు కలిసిపోతుంది. సెలైన్ లేని చేయి చూసుకో. మోచేయి వంచి, భుజం ఎముక కొన నుంచి మోచేతి కొన దాకా సగంలో గుర్తు పెట్టు. తర్వాత చేయి వదులుగా వేలాడేసి టేపు చుట్టు, బిగించొద్దు. మడత మూడుసార్లు తీసి సగటు వెయ్యి. రెండు చేతులూ ఉబ్బి ఉంటే ఆ మాట కేస్ షీట్‌లో రాయి, ఉత్త అంకె ఒక్కటే రాయకు.

ల్యాబ్ టెక్నీషియన్, నంద్యాల:
చూశారా, ఇది ఇంకో వాపు. అందుకే అడిగాను.

హౌస్ సర్జన్, కర్నూలు:
సరే అక్కా, పొద్దున మళ్లీ కొలుస్తా. మొలతాడు సంగతి కూడా అడుగుతా. థ్యాంక్స్.

డైటీషియన్, అనంతపురం:
ఆకలి ఎలా ఉందో కూడా అడుగు. ఆపరేషన్ ఎప్పుడు?