యూఫోనియం (ఇత్తడి ఊదుడు వాద్యం) వాయిస్తూ పాడే చోట గొంతు శ్రుతి జారిపోతోంది
మూడు వారాల్లో నా సోలో రిసైటల్ (కచేరీ). 50 నిమిషాలు, అన్నీ సమకాలీన రచనలే, పియానో తోడు లేదు. చివరి దాంట్లో మల్టీఫోనిక్స్ (ఒకేసారి ఒకటికి మించిన స్వరాలు పలికించడం) ఉన్నాయి: కింది బి ఫ్లాట్ స్వరం వాయిస్తూ, దాని పైన ఎఫ్ గొంతుతో పాడాలి. రెండూ సరిగ్గా కలిస్తే పైన డి కూడా దానంతటదే వినిపిస్తుంది. (అసలు ఆ క్షణం కోసమే ఈ రచన ఎంచుకున్నాను.)

విడిగా సాధన చేస్తే పదికి తొమ్మిదిసార్లు వస్తోంది. మొత్తం వరసగా వాయిస్తే మాత్రం, 40వ నిమిషం దాటాక, గొంతు బి ఫ్లాట్‌లోకే జారిపోతోంది. లేదంటే పెదవుల కంపనం ఆగిపోయి ఉత్త గాలి శబ్దమే మిగులుతోంది.

ఆ చోటుకి ముందు వాద్యంలో చేరిన నీళ్లు వదిలేసి చూశాను. మెల్లగా వాయించాను. ముందు ఎఫ్ పాడుతూ ఆ తర్వాత వాయించే స్వరం కలిపాను. వారమైనా తేడా లేదు. ఆ రచనను కచేరీ మొదటికి జరపడం ఇష్టం లేదు.

పెదవులు అలిసిపోయాక కూడా పాడే స్వరం నిలబడటానికి మీకు ఏ సాధన పనిచేసింది?