ఇంట్లో చేసిన సీలియాక్ పరీక్ష నెగెటివ్ వచ్చింది, నమ్మవచ్చా?

ప్రశ్న (రాజాం నుంచి ఒక తల్లి)

మాది విజయనగరం జిల్లా రాజాం. మా అమ్మాయికి 19 ఏళ్ళు, పుణేలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇక్కడ అన్నం, చోడి (రాగి) అంబలి మీద పెరిగిన పిల్ల అక్కడ రెండు పూటలా రొట్టెలు తినవలసి వచ్చింది. మొదటి ఏడాదిలోనే కడుపుబ్బరం, విరేచనాలు మొదలయ్యాయి. హిమోగ్లోబిన్ 8.6కు పడిపోయి, ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగినా 9 దాటలేదు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు గోధుమ పడటం లేదేమోనని మా ఆడపడుచు అనుమానించింది. అప్పటి నుంచి సెలవు పెట్టించి, గోధుమ వాసన కూడా తగలకుండా రెండున్నర నెలలు ఇంట్లోనే ఉంచుకున్నాను. విరేచనాలు తగ్గాయి. గత వారం సీలియాక్, అంటే గోధుమ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు, ఉందో లేదో వేలి కొసన రక్తపు చుక్క తీసి చూసుకునే కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించి చేస్తే ఒకే గీత, అంటే నెగెటివ్ వచ్చింది. మరొకరేమో వందకు పైగా ఆహారాల్లో ఏవి పడవో ఐజీజీ అనే రకం యాంటీబాడీల రక్తపరీక్షతో చెబుతామని ఒక ఖరీదైన ప్యాకేజీ చూపిస్తున్నారు. అది చేయించమంటారా? మా పిల్లకు సీలియాక్ లేనట్టేనా?

జవాబు 1 (విజయనగరం, ల్యాబ్ టెక్నీషియన్)

అమ్మా, నేను డాక్టరును కాను, కానీ ఈ రక్త నమూనాలు రోజూ చూసేవాణ్ణి. ఆ ఒక్క గీతను బట్టి జబ్బు లేదని అనుకోకండి. కిట్ మంచిదే కావచ్చు, పరీక్ష చేసిన సమయమే సరైనది కాదు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల గింజల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్ళినప్పుడు సీలియాక్ ఉన్నవారి రోగనిరోధక వ్యవస్థ తన సొంత చిన్నపేగు పొర మీదే దాడి చేస్తుంది. ఆ దాడిలో పుట్టే టీటీజీ యాంటీబాడీలు, అందులోనూ ఐజీఏ రకానివి, రక్తంలో ఉన్నాయా అన్నదే ఈ కిట్లు సాధారణంగా చూస్తాయి. గోధుమ మానేస్తే ఆ యాంటీబాడీలు నెలల వ్యవధిలో తగ్గుతూ పోతాయి కాబట్టి, రెండున్నర నెలల పథ్యం తరువాత వచ్చిన నెగెటివ్‌కు విలువ చాలా తక్కువ.

ఇంకో చిక్కు కూడా ఉంది. సీలియాక్ ఉన్నవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతోనే ఐజీఏ లోపం ఉంటుంది. అలాంటివారు రోజూ పూరీలు తింటున్నా ఐజీఏ రకం పరీక్ష నెగెటివ్ చూపించగలదు. అందుకే ల్యాబ్‌లో చేయించేటప్పుడు టీటీజీ ఐజీఏతోపాటు మొత్తం ఐజీఏ ఎంత ఉందో కూడా అడిగి చేయించుకోవాలి. పాజిటివ్ వచ్చినా కథ అక్కడితో ముగియదు. పెద్దవారిలో సాధారణంగా ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపి నిర్ధారిస్తారు.

ఐజీజీ ప్యాకేజీకి మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. ఒక ఆహారానికి ఐజీజీ ఉందంటే మనం దాన్ని తింటున్నామని అర్థమే తప్ప అది పడటం లేదని కాదు. ఐరోపా, అమెరికా, కెనడాల ఎలర్జీ వైద్య సంఘాలు ఈ పరీక్ష వద్దనే చెప్పాయి. సీలియాక్ కాని గ్లూటెన్ అసహనానికి నేటికీ రక్తపరీక్ష లేదు. ముందు సీలియాక్, గోధుమ ఎలర్జీ రెండూ లేవని తేల్చుకున్నాకే ఆ మాట అంటారు.

జవాబు 2 (శ్రీకాకుళం నుంచి, సీలియాక్ ఉన్న అబ్బాయి తల్లి)

తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. మేమూ మీలాగే ముందు మానిపించి, తరువాత పరీక్షకు పరుగెత్తి, ఒక ఏడాది పోగొట్టుకున్నాం. వరి తినే మన ప్రాంతంలో ఈ జబ్బు ఎవరికి ఉంటుందిలే అని చాలామంది అనుకోవడం వల్ల, రక్తం తక్కువగా ఉంటే నులిపురుగుల మందుతో సరిపెడతారు. ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత ఉందంటేనే ఈ పరీక్ష అడగవలసింది.

జబ్బు ఖాయమైతే వంటింట్లో గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలిసి ఆశ్చర్యపోతారు. బొంబాయి రవ్వ, సేమియా అందరికీ తెలుసు. బజారులో దొరికే ఇంగువ డబ్బాల్లో చాలావాటిలో మైదా కలుపుతారు, కాబట్టి చారులో వేసిన చిటికెడు కూడా లెక్కలోకి వస్తుంది. మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. మడుగుల హల్వా గోధుమ పాలతో చేసేదే. అన్నిటికన్నా మమ్మల్ని ఏడిపించింది పిండి మర. ముందు ఎవరో గోధుమలు ఆడించిన మరలోనే మా చోళ్ళు పోయించేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లోనే మిక్సీలో ఆడుకుంటున్నాను. గ్లూటెన్ ఫ్రీ అని ముద్రించిన ప్యాకెట్లో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన దేశంలో నిబంధన ఉంది.

మీ అమ్మాయికి పాజిటివ్ వస్తే ఇంట్లో మిగతావారికి కూడా పరీక్ష చేయించండి, ఎందుకంటే రక్తసంబంధీకులకు ఇది వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అంటే మళ్ళీ గోధుమ పెట్టాలా? ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది, నాకు భయంగా ఉంది. జన్యు పరీక్ష ఒకటి ఉందని విన్నాను, దానితో తేలిపోదా?

జవాబు 1

సగం తేలుతుంది. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులు రెండూ లేకపోతే సీలియాక్ లేదని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు, దానికి గోధుమ తినవలసిన పని కూడా లేదు. అయితే అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, జనాభాలో సుమారు మూడోవంతు మందికి అవి ఉంటాయి. ముందు అది చేయించి, ఉన్నాయని వస్తేనే గోధుమ సంగతి ఆలోచించడం మీకు నయం. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల ప్రకారం రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటల్లో గ్లూటెన్ ఉండేలా, కనీసం 6 వారాలు తిన్నాక పరీక్ష చేయాలి. హిమోగ్లోబిన్ ఇంత తక్కువగా ఉంది కాబట్టి అది మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు. విశాఖలో జీర్ణకోశ వైద్యుణ్ణి కలిసి, ఈ కిట్ ఫలితమూ, గోధుమ మానిన తేదీ కాగితం మీద రాసి చూపించండి. తేదీ చెప్పకపోతే ఆయన కూడా ఆ నెగెటివ్‌ను నమ్మేసే ప్రమాదం ఉంది.