వరిగడ్డి బయోగ్యాస్ ప్లాంటు: స్లర్రీ నీళ్లు ఎంతవరకు తిప్పి వాడొచ్చు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర చిన్న ప్లాంటు. రోజుకు టన్ను వరిగడ్డి, టన్ను పేడ వేస్తున్నాం. మిశ్రమంలో ఘనపదార్థం 10 శాతం ఉండాలని సుమారు 8,800 లీటర్ల బోరు నీళ్లు కలుపుతున్నాం. ఎండాకాలంలో బోరు అంత పోయదు. గ్యాసు వచ్చాక మిగిలే స్లర్రీని స్క్రూ ప్రెస్‌లో పిండి, ఆ నీళ్లన్నీ మళ్లీ డైజెస్టర్‌కే (గ్యాసు తయారయ్యే ట్యాంకుకే) పంపితే ఇబ్బందా?

జవాబు: పంపండి, కానీ అన్నీ వద్దండీ. మీ మేతకు, అంటే డైజెస్టర్‌లో వేసే సరుకుకు, లెక్క ఇలా వస్తుంది. గడ్డి, పేడ కలిపి పొడి సరుకు 1,080 కిలోలు. అందులో 410 దాకా గ్యాసై పోతే 670 మిగులుతుంది. దాన్ని పొడి సరుకు 25 శాతం అయ్యేదాకా పిండితే పిప్పి 2.7 టన్నులు, అందులో చిక్కుకుపోయే నీళ్లు 2 టన్నులు. గడ్డిలో, పేడలో ఉన్న తేమ ఎలాగూ 920 లీటర్లు. అంటే నీళ్లన్నీ తిప్పుకుంటే కొత్తగా కావలసింది 1,100 లీటర్లే.

అక్కడే దెబ్బ తింటారు. వరిగడ్డిలో పొటాషియం పొడి బరువు మీద ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అది గ్యాసులో పోదు, నీళ్లలోనే కరిగి ఉంటుంది. పేడలోదీ కలిపితే రోజుకు 16 కిలోలు. బయటికి పోయే నీళ్లు పిప్పిలోని 2 టన్నులే అయితే కొన్ని నెలల్లో లీటరుకు 8 గ్రాములకు చేరుతుంది. 3, 4 గ్రాములు దాటితేనే సూక్ష్మజీవులు మందగిస్తాయి. కాబట్టి రోజూ 2,000 లీటర్ల ద్రవం పొలానికి వదలండి, 4 గ్రాముల దగ్గర నిలుస్తుంది. పొటాషియం ఉన్న ఎరువే కనుక వృథా పోదు. అప్పుడు కొత్త నీళ్లు 3,100, తిప్పి వాడేవి 5,700 లీటర్లు.

ఒక్కసారిగా మార్చొద్దు. పావు వంతుతో మొదలుపెట్టి పది రోజులకోసారి పెంచుతూ, ఈసీ మీటరు (ద్రవంలో కరిగిన లవణాలను చూపేది) రీడింగు రోజూ రాసుకోండి.

మరొకరు: పై లెక్కకు ఒకటి కలపాలి. తిరిగొచ్చే ద్రవంలో 4 శాతం సన్నని ఘనపదార్థం ఉంటుంది, అందుకే మేత 12 శాతానికి చేరుతుంది. లోపల సరుకు కరిగి పల్చబడుతుంది కనుక డైజెస్టర్ తట్టుకుంటుంది. మేత ట్యాంకు దగ్గరి సెంట్రిఫ్యూగల్ పంపు మాత్రం మూసుకుపోతుంది, అక్కడ స్క్రూ పంపు పెట్టండి. గడ్డిని 2 సెంటీమీటర్లకు కోసి, తిప్పి వాడే ద్రవంలోనే ఒక రోజు నానబెట్టండి. పొడిగా వేస్తే పైకి తేలి అట్టకడుతుంది. రెండు రోజులు దాటితే నానబెట్టిన చోటే పులిసి గ్యాసు గాలికి పోతుంది.

ప్రశ్న: పేడ తక్కువైన రోజు కోళ్ల ఎరువు కలపొచ్చా?

జవాబు: కొద్దిగా పర్వాలేదు. వరిగడ్డిలో నత్రజని తక్కువ, అందుకే నత్రజని నుంచి పుట్టి సూక్ష్మజీవులను దెబ్బతీసే అమోనియా భయం ఇప్పుడు లేదు. కోళ్ల ఎరువు ఎక్కువైతే ఆ భయం మొదలవుతుంది, తిప్పే నీళ్లతో ఇంకా త్వరగా. పీహెచ్ 8 దాటి ముక్కు మండే వాసన వస్తే ఆ ఎరువు ఆపి, వదిలే ద్రవం పెంచండి. వారానికోసారి ఆమ్లాలు–క్షారత నిష్పత్తి చూడండి. 0.4 దాటితే నిష్పత్తి దిగేదాకా మేత సగానికి తగ్గించాలి.

మరొకరు: ప్రెస్ జల్లెడ మీద కన్నేసి ఉంచండి. గడ్డిలోని సిలికా దాన్ని అరగదీస్తుంది. రంధ్రాలు పెద్దవైతే సన్న పీచు ద్రవంలోకి జారి, తిరిగొచ్చే ఘనపదార్థం 4 శాతం దగ్గర ఆగదు. పిప్పిని గుప్పిట పట్టి పిండితే నీళ్లు ధారగా కారినా ఆ జల్లెడే చూడాలి. తిప్పే పైపు వంపుల్లో తెల్లటి గట్టి పొర కడితే అది మెగ్నీషియం, అమోనియా, ఫాస్ఫేటుల పొర. సుత్తితో కొట్టొద్దు. పైపు విప్పి సిట్రిక్ యాసిడ్ నీళ్లలో నానబెడితే కరుగుతుంది.